వెలుగులో తేలే గంధకం లెక్క

అబుదాబి శివార్లలోని మఫ్రఖ్ చుట్టుపక్కల అగ్నిపర్వతమంటూ లేదు. అయినా 2025 నవంబరు 23న ఇథియోపియాలో హైలీ గుబ్బి అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ సెగ ఇక్కడివాళ్లకూ తగిలింది. బూడిద మేఘం ఎర్ర సముద్రం దాటి, యెమెన్, ఒమన్‌ల మీదుగా ఉత్తర భారతం దాకా వెళ్లింది. ఇండియా నుంచి అబుదాబి రావాల్సిన విమానాలు కొన్ని రద్దయ్యాయి. ఆ మేఘాన్ని దారి పొడవునా కనిపెట్టి చూసినవి ఉపగ్రహాలు. దానిలోని వాయువును అంత దూరం నుంచి కొలిచే పనితనం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అగ్నిపర్వతం కక్కే వాయువుల్లో సింహభాగం నీటి ఆవిరి, ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్. రెండూ గాలిలో ముందే బోలెడు ఉన్నాయి కాబట్టి కొత్తగా వచ్చిందెంతో తేల్చడం కష్టం. సల్ఫర్ డయాక్సైడ్ అలా కాదు, మామూలు గాలిలో అది లేనట్టే. పైగా అతినీలలోహిత కాంతిలో 300, 320 నానోమీటర్ల మధ్య కొన్ని తరంగదైర్ఘ్యాలను బాగా మింగి, పక్కవాటిని చాలావరకు వదిలేస్తుంది. స్పెక్ట్రోమీటరులో ఆ ఎగుడుదిగుళ్లు కనబడతాయి. చిక్కంతా ఓజోన్‌తోనే. అదీ అక్కడే వెలుగును మింగుతుంది, కానీ దాని వరస వేరు. ఆ వాటా తీసేస్తేనే గంధకం లెక్క తేలుతుంది. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ తీసివేతే.

కెనడాలో ఫ్యాక్టరీ పొగను కొలవడానికి చేసిన కోస్పెక్ అనే పరికరాన్ని 1970లలో అగ్నిపర్వతాల దగ్గరికి తీసుకెళ్లారు. దాన్ని కారులో పెట్టి, చూపు ఆకాశం వైపు తిప్పి, పొగ కింద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నడిపేవారు. దారి పొడవునా నెత్తిమీదున్న వాయువునంతా కూడి, గాలి వేగంతో గుణిస్తే రోజుకు ఎన్ని టన్నులో వస్తుంది. గాలి వేగం తప్పితే లెక్కంతా తప్పే.

తర్వాత ఈ కొలత ఉపగ్రహాలకెక్కింది. ఓజోన్‌ను కొలవడానికి ఉపగ్రహంలో పంపిన టోమ్స్ పరికరానికి 1982లో మెక్సికోలోని ఎల్ చిచోన్ అగ్నిపర్వతపు గంధక మేఘం చిక్కింది. 2017లో అలాగే పైకి వెళ్లిన ట్రోపోమి పరికరం ఇప్పుడు ఒక్కో చుక్కలో 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పున్న నేలను చూస్తుంది. గల్ఫ్ చమురు, గ్యాస్ క్షేత్రాల పొగ కూడా ఈ రకం కళ్లకు ఆనుతుంది. మఫ్రఖ్‌లో గాలి నాణ్యత కొలిచే కేంద్రం ఉంది. అది కొలిచేది మనం పీల్చే గాలిని. హైలీ గుబ్బి మేఘమేమో దాదాపు 14 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది. అంత పైన పోయేదాన్ని పట్టాలంటే వెలుగునే అడగాలి.