పండుగ చేసికొనుట ఒక అభ్యాసమా? ఫోస్టర్ చివరి అధ్యాయముపై ఒక పరిశీలన

రిచర్డ్ ఫోస్టర్ 1978లో ప్రచురించిన 'సెలబ్రేషన్ ఆఫ్ డిసిప్లిన్' గ్రంథములో పండ్రెండు ఆధ్యాత్మిక అభ్యాసములు ఉన్నవి. ధ్యానము, ప్రార్థన, ఉపవాసము, అధ్యయనము మొదటి నాలుగు. చిట్టచివరిది 'సెలబ్రేషన్'. మొదటి నాలుగింటిపై విద్యార్థులు శ్రద్ధగా వ్యాసములు వ్రాయుదురు. చివరి అధ్యాయమును మాత్రము గ్రంథమునకు మంగళహారతివలె భావించి వదలివేయుట మేము చూచుచున్నాము. అది సరికాదు. అయితే ఆ అధ్యాయమును యథాతథముగా బోధించుటయు చాలదని మా అభిప్రాయము.

ముందుగా మాట విషయము. 'ఉత్సవము' అనగానే ఊరేగింపు, 'సంబరము' అనగానే జాతర గుర్తుకు వచ్చును. 'పండుగ' మన తెలుగు బైబిలులోనే ఉన్నది గనుక దానినే వాడుచున్నాము.

ఫోస్టర్ తన వాదనను సునాద సంవత్సరముతో, లూకా 4లో యేసు చేసిన ప్రకటనతో ఆరంభించును. లేవీయకాండము 25 ప్రకారము ఆ సంవత్సరమున దాసులు విడుదల పొందవలెను, భూమి తిరిగి ఇయ్యబడవలెను. ఆరంభము బలమైనది. కాని కొద్ది వాక్యములలోనే సునాదము చింతలేని హృదయముగా, అంతరంగ స్వేచ్ఛగా మారిపోవును. భూమిలేని కుటుంబములనుండి వచ్చిన మన విద్యార్థులు ఇక్కడ ఆగి ప్రశ్నించవలసియున్నది.

సంతోషము లేనిదే మిగిలిన అభ్యాసములు నిలువవని ఆయన నెహెమ్యా 8:10 ఆధారముగా చెప్పుట నిజమే. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి ప్రార్థించు విద్యార్థి రెండవ సంవత్సరమునకు ఎందుకు అలసిపోవునో హాస్టలు వార్డెనులకు తెలియును. అయితే ఆ వచనము పూర్వభాగములో ఒక ఆజ్ఞ ఉన్నది: తమకొరకు ఏమియు సిద్ధపరచుకొననివారికి వంతులు పంపవలెను. బలమునుగూర్చిన మాట దాని తరువాతనే వచ్చుచున్నది. సందర్భమును కూడ గమనింపవలెను. ధర్మశాస్త్రము చదువబడగా ప్రజలు ఏడ్చుచున్నారు. 12వ వచనములో తమకు చెప్పబడిన మాటలు గ్రహించినందున వారు తిని, త్రాగి, వంతులు పంపి, మిగుల సంతోషించిరి. ఇది చదువుకొనువారి పండుగ! సెమినరీకి ఇంతకంటె దగ్గరి వాక్యభాగము మరియొకటి మాకు కనబడుటలేదు.

విధేయతయే సంతోషమునకు మార్గమని ఫోస్టర్ చెప్పుటలో మరియొక చిక్కు ఉన్నది. లూకా 15లో పెద్ద కుమారుడు ఆజ్ఞ మీరలేదు, అయినను పండుగ బయటనే నిలిచెను. అతని విధేయత ఫోస్టర్ కోరునది కాదని ఒప్పుకొందుము. అయినను ఆ ఉపమానములో విందు విధేయతకు బహుమానము కాదు. 32వ వచనము ప్రకారము తండ్రికి అది చేయవలసిన పని. తప్పిన కుమారుడే దానికి ముఖ్య అతిథి.

మన క్యాలెండరులో ఫ్రెషర్స్ డే, సెమీ క్రిస్మస్, వీడ్కోలు సభ ఉన్నవి. వేదిక, శాలువలు, ముఖ్య అతిథి, ముగియని వందన సమర్పణ, ఆపైన బిర్యానీ. బిర్యానీని మేము తృణీకరించుట లేదు (ద్వితీయోపదేశకాండము 14:26 మన ప్రసంగములు సాధారణముగా చదువుటకు సాహసించు మెనూకంటె ధారాళమైనది). అడుగవలసినది ఎవరు రాలేదని. చందా ఇయ్యలేనివాడు తలనొప్పి అని గదిలో పండుకొనును. గ్రీకు పేపరు తప్పినవాడు ఫలితముల వారములో ఊరికి వెళ్లిపోవును. వంట చేసినవారు అందరి తరువాత, గిన్నెలు కడుగుచు తిందురు. ద్వితీయోపదేశకాండము 16:14 దాసుని, దాసిని, పరదేశిని, తండ్రిలేనివానిని, విధవరాలిని పేరుపేరున పిలిచినది.

కావున పండుగను కార్యక్రమముల కమిటీకి కాక తరగతికి అప్పగించుట మంచిది. హెబ్రీ తరగతి యోనా గ్రంథమును చదివి ముగించిన దినమున అధ్యాపకులు, వంటవారు, వాచ్‌మన్, తప్పినవారు, నెగ్గినవారు ఒకే పంక్తిలో కూర్చుండి తినవచ్చును. చందా అవసరములేదు, ఉన్నదే చాలును. నెహెమ్యా 8:13లో ఆ విందుకు మరునాడే పెద్దలును యాజకులును ఎజ్రాయొద్దకు మరల చదువుకొనుటకు వచ్చిరి.