చిరిగిన కవరు

మా చిత్తూరు చిన్నాయనకు పాత విమానపు కవర్లంటే ప్రాణం. మొన్న నేను తిరుపతి నుంచి వెళ్తే ఆల్బం తెరిచారు.

పదహారేళ్ళే బతికిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్, 1929లో లండన్ టపాను కరాచీ దాకా తెచ్చింది. 1932 అక్టోబరు నుంచి టాటావారి విమానాలు దాన్ని బొంబాయి, బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాయి. మన సీమ పక్కనించే ఉత్తరాలు ఎగిరాయన్నమాట!

తొలిరోజు ముద్రలున్న కవరు మచ్చలేకుండా మెరుస్తోంది. లోపల ఖాళీ! సేకరించేవాళ్ళ కోసమే పంపుకున్నారట. పక్కనే ఒకటి చిరిగి, నూనె మరకతో ఉంది. లండన్‌లో చదివిన పెదనాయన మా జేజికి రాసినది.

"ఇది చిరిగిందమ్మా, విలువ తక్కువ" అన్నారు చిన్నాయన.

నేనొప్పుకోను. చదువురాని జేజి, వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి చించిన కవరది. ఆ చిరుగును లెక్కలోకి తీసుకోని సేకరణ సగమే అంటాను. మీరేమంటారు?