ఇత్తడి బయటపడ్డ చోట

పోయిన చలికాలం ఒక శుక్రవారం సాయంత్రం సాల్మియాలో మా ఫ్లాటుకి ఒక కుర్రాడు వచ్చాడు. పాత ఫిల్ము కెమెరాలు కొని దాచుకునే సరదా అతనిది. మా చిన్నాయన వాడిన నల్ల నికాన్ ఎఫ్‌ఎం నా దగ్గరుందని ఎవరో చెప్పారట. బీరువాలోంచి తీసి చేతిలో పెట్టాను. ప్రిజం అంచుల వెంట నల్లరంగు పోయి ఇత్తడి పచ్చగా మెరుస్తోంది. దాన్ని చూడగానే అతని మొహం వెలిగిపోయింది. "అన్నా, ఎంత బతికిందన్నా ఇది!" అన్నాడు. మచ్చలేని కెమెరాకి ఇచ్చేదానికన్నా నాలుగు దీనార్లు ఎక్కువే ఇస్తానన్నాడు.

నేను అమ్మలేదు. కానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. అరిగిన కెమెరాని మెచ్చుకోవడం ఈ మధ్య ఒక రసజ్ఞత అయిపోయింది. ఆ రసజ్ఞత నాకూ ఉంది. అందుకే దాన్ని కాస్త నిలదీయాలనిపించింది.

ముందు ఈ ఇత్తడి కథేమిటో చూద్దాం. ఆ కాలపు మంచి కెమెరాల పైమూత, అడుగుమూత చాలావాటికి ఇత్తడి రేకుతో చేసేవారు. దానిమీద రెండు రకాల పైపూతలు. ఒకటి క్రోమ్. విద్యుత్తుతో ఎక్కించే లోహం అది, గట్టిది, ఏళ్లు గడిచినా త్వరగా లొంగదు. రెండోది నల్లరంగు. ఎంత బాగా కాల్చి ఆరబెట్టినా రంగు రంగే. బెల్టు కొక్కెం తగిలినా, వేలిగోరు రోజూ ఒకేచోట రాసుకున్నా, ముందు మూలలు పోతాయి, తర్వాత అంచులు. పత్రికల వాళ్లు తళతళలాడని కెమెరా కావాలని నల్లదాన్ని ఎంచుకునేవారు. వాళ్ల పని మోటు పని కాబట్టి రంగు త్వరగా పోయేది. అలా ఇత్తడి కనబడ్డ నల్ల కెమెరా అంటే లోకం చూసొచ్చిన కెమెరా అనే పేరు పడిపోయింది. 1970లలో లైకా వాళ్లు నల్లరంగు మాని, గట్టిగా నిలిచే నల్ల క్రోమ్‌కి మారారు. మన్నిక లెక్కన చూస్తే అది ముందడుగే.

మరి తర్వాత ఏమైంది? ఆ కంపెనీయే మళ్లీ నల్లరంగుకి వెనక్కొచ్చింది. 2020లో ఎం10-ఆర్ అనే డిజిటల్ కెమెరాని నల్లరంగు వేసి రెండు వేలు మాత్రమే చేసి అమ్మింది. త్వరగా అరగడమే దాని గొప్ప. అంతకు ముందు 2015లో సంగీతకారుడు లెన్నీ క్రావిట్జ్ పేరుతో 125 సెట్లు వచ్చాయి. వాటికి కొనేవాడు అరగదీసే శ్రమ కూడా లేదు. ఫ్యాక్టరీలోనే మనుషులు చేత్తో రంగు గీకి, ఇత్తడి బయటపెట్టి, పెట్టెలో పెట్టి ఇచ్చారు. చేసిన పనికి గుర్తుగా మిగలాల్సిన అరుగుదల, పని మొదలుకాకముందే వచ్చేసింది.

దీన్ని వెక్కిరించడం తేలిక. కానీ లెన్నీ క్రావిట్జ్ కెమెరాని చూసి నవ్వే మనం, చిన్నాయన కెమెరాని చూసి మురిసిపోయేటప్పుడు వేరే పని చేస్తున్నామా అన్నది నా అనుమానం. రెండుచోట్లా మనకి కావలసింది ఇత్తడి కనబడడమే. అది ఎందుకు కనబడిందో అడిగేవాళ్లు తక్కువ.

అన్ని అరుగుదలలూ ఒకే మాట చెప్పవు. 1976లో వచ్చిన కానన్ ఏఈ-1 పైమూత అసలు ఇత్తడే కాదు, ప్లాస్టిక్. దానిమీద లోహంలా కనబడే పూత పూశారు. అది ఎంత వాడినా లైకా లాగా "అందంగా" అరగదు. అంతమాత్రాన దాన్ని మోసినవాళ్లు తక్కువ పని చేశారా? ఇంకో సంగతి. సముద్రం పక్కనున్న ఈ సాల్మియాలో ఆగస్టు, సెప్టెంబరు ఉక్కపోత తెలిసినవాళ్లకి తెలుసు. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. సంచిలోంచి తియ్యకుండా దాచిన కెమెరా పైకి పెళ్లికూతురిలా ఉంటుంది, లోపల లెన్సుకి బూజు పట్టి ఉంటుంది. దుమ్ముగాలి వీచిన మర్నాడు ఫోకస్ రింగు తిప్పితే ఇసుక కరకరమంటుంది. ఇదే దేశంలో మిత్రిబా దగ్గర 2016 జూలై 21న 53.9 డిగ్రీల ఎండ నమోదైంది. ఆసియాలో అంతకు మించిన లెక్క అప్పటికి లేదు. ఇలాంటి ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద మర్చిపోయిన కెమెరాకి పైరంగు కన్నా ముందు లోపలి నురగ పోతుంది. వెనక తలుపు అంచుల్లో వెలుతురు దూరకుండా పెట్టే సన్నటి నల్ల నురగ అది. పాతబడితే తారులా కరిగి వేలికి అంటుకుంటుంది. తర్వాత తీసిన ప్రతి ఫొటో మీదా ఒక ఎర్ర చార పడుతుంది. దాన్ని ఎవరూ మెచ్చుకోరు. పైన ఉన్నది కాదు కాబట్టి ఎవరికీ కనబడదు.

మన వంటింటికి ఈ విషయం బాగా తెలుసు. ఇత్తడి గిన్నెకి లోపల కళాయి ఉన్నంత కాలమే పులుసు వండుతాం. కళాయి పోయి ఇత్తడి బయటపడితే ఆ గిన్నె ఎంతో వండిందని మా అవ్వ మురిసిపోలేదు. చింతపండు పులుసు చిలుమెక్కి విషమవుతుందని పక్కన పెట్టి, కళాయి సాయిబు కోసం ఎదురు చూసేది. పూత ఉన్నది కాపాడడానికి. అది పోయిందంటే కాపాడడం ఆగిపోయిందని. మా చిన్నాయనదీ అదే బుద్ధి.

ఆయనది కడప జిల్లా రాజంపేట దగ్గర పల్లె. 1978లో కువైట్ వచ్చాడు. సాల్మియాలో ఒక స్టూడియోలో పని. 1980లో జీతం కూడబెట్టి సొంతానికి ఈ ఎఫ్‌ఎం కొన్నాడు. బ్యాటరీ అయిపోయినా మీటరు తప్ప మిగతాదంతా పనిచేసే కెమెరా అది. వారమంతా స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు, అకామా ఫొటోలు. శుక్రవారాలు గల్ఫ్ రోడ్డులో మనవాళ్ల ఫొటోలు. ఎవరిదో తెల్ల కారుకి ఆనుకుని, ఇంకెవరిదో వాచీ పెట్టుకుని, కొత్తగా వచ్చిన కుర్రాళ్లు నవ్వేవాళ్లు. అవి రాయచోటికి, పుల్లంపేటకి, గోదావరి పల్లెలకి కవర్లలో వెళ్లేవి. ఆ ఫొటోల్లో అరుగుదల అన్నది ఎక్కడా ఉండదు. వాళ్లు పంపాలనుకున్నదే పైపూత.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడినుంచి ఎయిరిండియా విమానాల్లో ఇల్లు చేరిన లక్ష పైచిలుకు భారతీయుల్లో ఆయనొకడు. తువ్వాలులో చుట్టి తెచ్చుకున్న ఒకేఒక్క విలువైన వస్తువు ఈ కెమెరా. 1992లో దాన్ని పట్టుకునే మళ్లీ వచ్చాడు.

2004లో ఆయన ఇక చాలనుకుని ఇంటికి బయలుదేరుతున్నప్పుడు మా ఇద్దరికీ ఒక చిన్న గొడవ జరిగింది. కెమెరా మనవడికి ఇద్దామని ఆయన కోరిక. ముందు రంగు వేయించి పెట్టమన్నాడు. నేను ఒప్పుకోలేదు. అప్పటికే నాలుగు పుస్తకాలు తిరగేసి ఉన్నాను. "చిన్నాయనా, ఆ ఇత్తడిలోనే ఉంది దాని విలువంతా. రంగేస్తే చరిత్ర చెరిపేసినట్టే" అని ఉపన్యాసం ఇచ్చాను. ఆయన అంతా విని, రెండు అరచేతులూ చాపి నా ముందు పెట్టాడు. హైపో నీళ్లలో నాని, గోళ్లు గోధుమరంగుకి తిరిగిన చేతులు.

"ఇవి కూడా అరిగినాయి కదరా. బాగున్నాయని ఎవురన్నా అన్నారా? ఇరవై ఆరేండ్లు కువైట్లో ఉండి పాత సామాను తెచ్చినాడంటారు ఊర్లో" అన్నాడు.

నాకు జవాబు దొరకలేదు. అయినా పట్టు వదల్లేదు. చివరికి ఆయనే, "నీకు నచ్చింది గదా, నువ్వే పెట్టుకో నాయనా" అని, మనవడికి సాలెం అల్ ముబారక్ వీధిలో ఒక కొత్త డిజిటల్ కెమెరా కొని తీసుకెళ్లాడు. అలా నా సౌందర్యదృష్టి గెలిచింది. ఆయన కెమెరా ఆయన మనవడికి చేరలేదు.

ఇప్పుడు చెబుతున్నా, అప్పుడు ఆయన మాటే న్యాయం. అరుగుదలని అందంగా చూడగలిగేది దాన్ని అనుభవించనివాడు. వస్తువు మీద హక్కు వాడినవాడిది. రంగు వేయించుకుంటానంటే వేయించి ఇవ్వాలి. అలాగని నేను ఈరోజు రంగు వేయించను. ఆయన పోయాక వేయించడం ఆయన కోరిక తీర్చడం కాదు, నా తప్పుని కప్పిపుచ్చుకోవడం.

ఇంకొకటి, చాలా ఆలస్యంగా గమనించాను. ప్రిజం అంచుల్లో ఇత్తడి బయటపడింది ఎక్కువగా సంచిలో రాపిడి వల్ల, అందులోనూ చాలావరకు ఆ అమ్మాన్ ప్రయాణంలో. నేను, ఆ వచ్చిన కుర్రాడు మురిసిపోయింది దాన్ని చూసే. ఆయన పని గుర్తు అక్కడ లేదు. కెమెరా తిరగేస్తే కనబడుతుంది. ట్రైపాడ్ బిగించే మర చుట్టూ, అడుగుమూత మీద రంగు గుండ్రంగా కొరికేసినట్టు పోయింది. వేలసార్లు బిగించి వేలసార్లు విప్పితే పడే వలయం అది. దాని ముందు స్టూలు మీద కూర్చుని, గడ్డం కాస్త పైకెత్తమంటే ఎత్తి, కదలకుండా చూసిన మొహాలెన్నో. ఆ ఫొటోలతోనే వాళ్లకి ఈ దేశంలో ఉండడానికి కాగితాలొచ్చాయి.

అమ్మకానికి పెట్టేవాళ్లు ఆ అడుగుభాగాన్ని ఫొటో తీసినా లోపంగానే చూపిస్తారు. ధర తగ్గేది అక్కడే. కుర్రాడు కూడా ఆరోజు తిరగేసి చూసి, "ఇక్కడ మాత్రం కొంచెం పోయిందన్నా" అన్నాడు.

నిరుడు నురగ మార్పించాను. ఎర్ర చార పోయింది. పై రంగు జోలికి వెళ్లలేదు. చిన్నాయన మనవడు ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఈసారి సెలవుకి వెళ్లినప్పుడు కెమెరా అతని చేతికిస్తాను. రంగు వేయించుకుంటావో, అలాగే ఉంచుకుంటావో నీ ఇష్టం అని చెబుతాను. ఒక్కసారి తిరగేసి చూడమని మాత్రం అంటాను.