ధూళికి సాక్ష్యం: మ్యూరియల్ రుకైజర్ ‘మృతుల గ్రంథం’

2025 జూన్ 30న పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలి 50 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది బీహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కార్మికులు. నెల తిరక్కముందే ఆ దుర్ఘటన మీద రాసిన కవితలు ఇరవై దాకా నా చేతికి వచ్చాయి. అన్నీ చదివాను. కోపం ఉంది, దుఃఖం ఉంది, నిజాయితీకి లోటు లేదు. అయినా చదవడం ముగించాక నాకొక అసంతృప్తి మిగిలింది. దాదాపు ప్రతి కవితలోనూ మంట ఉంది, బూడిద ఉంది, కన్నతల్లి ఏడుపు ఉంది. కాని మస్టరు లేదు, కాంట్రాక్టరు లేడు, ఏ యంత్రం ఎందుకు వేడెక్కిందన్న ప్రశ్న లేదు. యజమాని ఉన్న ఒకటి రెండు కవితల్లో కూడా రాక్షసుడుగా ఉన్నాడే తప్ప, ఖర్చు తగ్గించడానికి లెక్కలు వేసుకునే మనిషిగా లేడు.

దీనికంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. పేలుడుకు తేదీ ఉంటుంది. తేదీ ఉన్న చావు మీద కవిత రాయడం మనకు అలవాటైంది. తేదీ లేని చావు మాటేమిటి? రాతి పొడి, పత్తి నూగు, ఆస్‌బెస్టాస్ పీచు ఊపిరితిత్తుల్లో చేరి ఐదేళ్లకో పదిహేనేళ్లకో మనిషిని చంపితే, ఆ చావు పత్రికకూ ఎక్కదు, కవిత్వానికీ ఎక్కదు. సొంత ఊళ్లో, కుక్కి మంచం మీద, “టీబీ వచ్చి పోయాడు” అన్న మాటతో ముగిసిపోతుంది. అలాంటి చావును సాహిత్యం ఎలా పట్టుకోవాలి? ఈ ప్రశ్నతోనే నేను అమెరికన్ కవయిత్రి మ్యూరియల్ రుకైజర్ 1938లో ప్రచురించిన ‘మృతుల గ్రంథం’ మళ్లీ తెరిచాను.

ముందు వస్తువు సంగతి చూద్దాం. అమెరికాలో పశ్చిమ వర్జీనియా రాష్ట్రం, గాలీ బ్రిడ్జ్ అనే చిన్న ఊరికి దగ్గర్లో హాక్స్ నెస్ట్. అక్కడ ఒక నదిని కొండ కిందుగా మళ్లించి విద్యుత్తు తయారుచేయడానికి 1930లో సొరంగం తవ్వడం మొదలుపెట్టారు. పొడవు సుమారు మూడు మైళ్లు. పని చేయించినది యూనియన్ కార్బైడ్ అనుబంధ సంస్థ. ఆర్థిక మాంద్యం రోజులు. దక్షిణాది రాష్ట్రాల నుంచి వేలమంది నిరుద్యోగులు తరలివచ్చారు. వారిలో సుమారు నాలుగింట మూడు వంతులు నల్లజాతివారు. కొండ లోపల దొరికిన రాయి దాదాపు స్వచ్ఛమైన సిలికా. అది లోహ పరిశ్రమకు పనికొచ్చే సరుకు కనుక ఆ భాగంలో సొరంగాన్ని ఇంకా వెడల్పు చేశారు. నీళ్లు చల్లుతూ రాయి తొలిస్తే దుమ్ము అణుగుతుంది, కాని పని నెమ్మదిగా సాగుతుంది. అందుకని పొడిగానే తొలిచారు. కార్మికులకు ముసుగులు ఇవ్వలేదు.

సిలికా ధూళిలో ప్రమాదకరమైనది కంటికి కనిపించేది కాదు, కనిపించనంత సన్ననిది. అది ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతుంది. దాన్ని మింగిన రక్షణ కణాలు చచ్చిపోతాయి, వాటి చుట్టూ మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చోట గాలి ఆడదు. దీనికి మందు లేదు. పని మానేసినా వ్యాధి ఆగదు. పైగా క్షయ సులభంగా సోకుతుంది. మామూలుగా ఏళ్లు పట్టే ఈ వ్యాధి హాక్స్ నెస్ట్‌లో నెలల్లోనే మనుషుల్ని కూల్చింది. ఎంతమంది పోయారు? కంపెనీ ఒప్పుకున్నది 109. 1936లో ప్రతినిధుల సభ ఉపసంఘం ముందుకు వచ్చిన లెక్క 476. మార్టిన్ చెర్నియాక్ అనే వైద్యుడు 1986లో ప్రచురించిన పుస్తకంలో కనీసం 764 అని అంచనా వేశాడు. మూడు అంకెలకూ మధ్య ఉన్న తేడాను గమనించండి. ఆ తేడాలో ఉన్నవాళ్లు అనారోగ్యంతో సొంత ఊళ్లకు వెళ్లిపోయి, ఏ జాబితాకూ ఎక్కకుండా పోయినవాళ్లు. స్థానికంగా చనిపోయిన నల్లవాళ్లకు తెల్లవాళ్ల శ్మశానాల్లో చోటు లేక కొందరిని ఒక పొలంలో పాతిపెట్టారు.

1936లో రుకైజర్ ఒక ఫొటోగ్రాఫరు స్నేహితురాలిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది. అప్పటికి ఆమె వయసు 22. ఉపసంఘం ముందు ఇచ్చిన వాంగ్మూలాలు తెప్పించుకుని చదివింది. ఆ సామగ్రితో ఇరవై కవితల మాల రాసింది. అందులో ఒకటి దారి గురించి: పటం తీసుకుని బయలుదేరి ఈ చోటికి రమ్మని పాఠకుణ్ణి పిలుస్తుంది. ఒకటి డాక్టరును ప్రశ్నలు అడిగి జవాబులు రాబట్టే విచారణ: ఎక్స్‌రేలు ఒకదాని తర్వాత ఒకటి చూపుతూ మచ్చ ఎలా పెరిగిందో డాక్టరు చెబుతాడు. ఆనకట్ట గురించిన కవితలో నీటి ప్రవాహాన్ని, దాని శక్తిని వర్ణిస్తూ వర్ణిస్తూ హఠాత్తుగా కంపెనీ వాటా ధరను తెచ్చి పెడుతుంది. పాఠకుడు ఉలిక్కిపడతాడు. అక్కడ ఆమె వ్యాఖ్యానం ఏమీ చేయదు, చేయనక్కర లేదు కూడా. నీటి శక్తికీ ఆ అంకెకూ సంబంధం ఏమిటో పాఠకుడే ఆలోచించుకోవాలి.

ఇది కవిత్వమా, నివేదికా అన్న సందేహం మన పాఠకుడికి రావచ్చు. నాకూ మొదటిసారి వచ్చింది. ఆ సందేహాన్ని తీర్చినది ‘ఆబ్సలోమ్’ అనే కవిత. ముగ్గురు కొడుకుల్ని ఈ ధూళికి పోగొట్టుకున్న తల్లి మాట్లాడుతుంది. చిన్నవాడికి ఇరవై కూడా లేవు. చనిపోబోతూ వాడు తల్లిని ఒక కోరిక కోరతాడు: పోయాక తన శరీరాన్ని కోసి చూడమను, చంపింది ఆ దుమ్మేనో కాదో తేల్చమను, పరిహారం కోసం ప్రయత్నించు అంటాడు. ఎక్స్‌రే తీయించడానికి డబ్బు లేక ఆ తల్లి రోడ్డు మీద నిలబడి అడుక్కుంది. ఆమె మాటలన్నీ పొడిపొడిగా, కోర్టులో చెప్పినట్టుగా ఉంటాయి. వాటి మధ్యలో ప్రాచీన ఈజిప్టు ‘మృతుల గ్రంథం’ ధోరణిలో, చనిపోయినవాడు పరలోకంలో తన గుండెను, నోటిని తిరిగి పొందే వాక్యాలు వస్తాయి. ఆ రెండు గొంతులూ పక్కపక్కన వినిపించినప్పుడు, పరిహారం దరఖాస్తుకూ పునరుత్థాన మంత్రానికీ మధ్య ఉన్న దూరం చెరిగిపోతుంది. కొడుకు శరీరమే తల్లి చేతిలో సాక్ష్యం అవుతుంది. ఇది శిల్పం కోసం చేసిన శిల్పం కాదు. వస్తువు లోపల ఉన్న వైరుధ్యమే రూపాన్ని నిర్ణయించింది.

మన సంప్రదాయంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. శ్రీశ్రీ ‘ప్రతిజ్ఞ’లో శ్రామికుడి చెమటకు వెల కట్టగలవాడు లేడన్నాడు. తెలుగు కవిత్వంలో శ్రమకు అంత గౌరవం ఇచ్చిన మాట అంతకు ముందు లేదు. మా తరం దాన్ని కంఠస్థం చేసింది. కాని హాక్స్ నెస్ట్‌లో వెల కట్టారు. 1933లో కేసులు కోర్టు బయట రాజీ అయినప్పుడు పెళ్లికాని నల్లజాతి కార్మికుడికి 400 డాలర్లు, పెళ్లికాని తెల్ల కార్మికుడికి 800 అని పంచారు. మొత్తం 1,30,000 డాలర్లలో సగం వకీళ్లకే పోయింది. రాజీలో భాగంగా కార్మికుల వకీళ్లు కేసు కాగితాలు ప్రతివాదులకు అప్పగించారు. 1935లో ఆ రాష్ట్రం సిలికోసిస్‌కు పరిహార చట్టం చేసింది. రెండేళ్లు ధూళిలో పనిచేసి ఉండాలన్న షరతు పెట్టింది. సొరంగంలో కొద్ది నెలలకే కూలిపోయినవాళ్లకు ఆ చట్టం అక్కరకు రాలేదు.

వెల కట్టలేనిదని కవి అన్నాడు. చట్టం కట్టింది, అదీ రంగును బట్టి కట్టింది. ఈ రెంటి మధ్యా అభ్యుదయ రచయిత ఎక్కడ నిలబడాలి? చెమట అమూల్యమని చెప్పి ఆగిపోతే, వెల కట్టే పని అవతలివాడికి వదిలేసినట్టే. రుకైజర్ ఆగలేదు. ఆమె వెలను, దాన్ని కట్టినవాణ్ణి, కట్టిన పద్ధతిని కవిత్వంలోకి లాక్కొచ్చింది. ఆమె దగ్గర మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే అనుకుంటాను.

అయితే ఈ కావ్యాన్ని నెత్తిన పెట్టుకోనక్కర లేదు. దీనిలో రెండు లోపాలు నాకు కనిపిస్తున్నాయి. చనిపోయినవాళ్లలో అత్యధికులు నల్లవాళ్లు. కాని కావ్యంలో పేరుతో, ఇల్లూ వాకిలీతో, పూర్తి గొంతుతో మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. నల్లజాతి కార్మికుడికి బ్లూస్ పాట బాణీలో రాసిన ఒక మంచి కవిత దక్కింది. సొరంగం నుంచి బయటికి వస్తే తెల్లని దుమ్ములో నల్లవాడికీ తెల్లవాడికీ తేడా తెలియదని అతను చెబుతాడు. ఆ వ్యంగ్యం పదునైనదే. రాజీ డబ్బు పంచేటప్పుడు మాత్రం ఆ తేడా బాగానే తెలిసింది. ఊరు విడిచి వెళ్లిపోయిన వలస కార్మికుల వెంట రుకైజర్ దక్షిణాదికి వెళ్లలేదు. ఊళ్లో మిగిలినవాళ్లతో మాట్లాడింది. పరిశోధన ఎక్కడ ఆగిందో సానుభూతి కూడా అక్కడే ఆగుతుందనడానికి ఇది ఉదాహరణ.

రెండోది ముగింపు. చివరి కవితలో ఆమె గాలీ బ్రిడ్జ్‌ను వదిలి అమెరికా చరిత్ర అంతటి మీదుగా, ప్రపంచ పోరాటాల మీదుగా చూపు సారిస్తుంది. ఉద్దేశం మంచిదే. కాని పందొమ్మిది కవితల్లో ఎక్స్‌రే ఫిల్మంత స్పష్టంగా ఉన్న విషయం అక్కడ మసకబారుతుంది. వ్యక్తి నుంచి విశ్వానికి ఒక్క అంగలో పోవాలన్న ఈ తొందర మన కవులకూ బాగా తెలిసిన జబ్బే.

ఇదంతా ఎక్కడో అమెరికాలో తొంభై ఏళ్ల కిందటి ముచ్చట అని ఎవరైనా అంటే, 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో విషవాయువు వదిలినది అదే యూనియన్ కార్బైడ్ సంస్థకు ఇక్కడ ఉన్న కంపెనీ అని గుర్తు చేయాలి. అక్కడా రాజీయే: 1989లో 47 కోట్ల డాలర్లు. అదనపు పరిహారం కోరుతూ కేంద్రం వేసిన పిటిషన్‌ను 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇక సిలికా సంగతి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ ఆదివాసులు గుజరాత్‌కు వలస వెళ్లి గోధ్రా ప్రాంతంలో క్వార్ట్జ్ రాయిని పొడిచేసే మిల్లుల్లో పనిచేశారు. ఊపిరితిత్తుల్లో రాయి మోసుకుని ఇళ్లకు తిరిగొచ్చి చనిపోయారు. వారిలో 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షల రూపాయలు ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. హాక్స్ నెస్ట్ కథకూ దీనికీ తేడా కాలంలోనే తప్ప కథలో లేదు.

సిలికోసిస్ వృత్తి వ్యాధి అనీ, దానికి పరిహారం హక్కు అనీ మన చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. 1923 నాటి పరిహార చట్టం 2025 నవంబరులో కొత్త సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. చట్టం పేరు మారినా కార్మికుణ్ణి అడిగే ప్రశ్నలు మారలేదు: నువ్వు అక్కడ పనిచేశావని రుజువేది? ఎన్నాళ్లు చేశావు? ఈ వ్యాధి ఆ పనివల్లే వచ్చిందని ఎవరు చెప్పారు? మస్టరులో పేరు లేని, గుర్తింపు కార్డు చూడని, మూడు చేతులు మారిన కాంట్రాక్టు కూలీ ఈ ప్రశ్నలకు ఏం చెబుతాడు? అతని దగ్గర ఉన్నది ఊపిరితిత్తులే. ‘ఆబ్సలోమ్’లో చిన్న కొడుకు తల్లికి చెప్పినది సరిగ్గా ఇదే.

కవిత ఎక్స్‌రేకు బదులు కాదు. కథ మస్టరుకు బదులు కాదు. ఆ భ్రమ నాకు లేదు. కాని ఫలానా మనిషి ఫలానా చోట పనిచేశాడు, ఫలానా దుమ్ము పీల్చాడు, ఫలానా డాక్టరు అతనికి ఫలానా మాట చెప్పాడు అని రాసిపెట్టడం రచయిత చేయగల పని. దానికి ముందు అడగాలి, తిరగాలి, వాంగ్మూలం వినాలి, ఆ జబ్బు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. ఈ శ్రమ తగ్గినచోట మన కవిత్వంలో విశేషణాలు పెరుగుతున్నాయి.

మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన తరం మాది. మంద్‌సౌర్‌లో బలపాలు కోసే కార్మికుల్లో సిలికోసిస్ ఎంత తీవ్రంగా ఉందో వైద్య పరిశోధకులు 1980లలోనే నమోదు చేశారు. పలక మీద బలపంతో ఓనమాలు దిద్దుకుని రచయితలమైన మనం, ఆ రాయి కోసేటప్పుడు లేచిన దుమ్ము ఎవరి ఛాతీలోకి పోయిందని ఎప్పుడైనా రాశామా? నేను రాయలేదు. పాశమైలారం మీద కవితలు పంపిన యువమిత్రులకు నేను రాసిన జవాబులో ఈ సంగతి ముందుగా ఒప్పుకున్నాను. ఆ తర్వాతే, ఆ కాలిపోయిన ఫ్యాక్టరీ పక్కన ఇంకా నడుస్తున్న ఫ్యాక్టరీల గేట్ల దగ్గరికి వెళ్లి, షిఫ్టు దిగి వచ్చేవాళ్లను ఆపి, లోపల మీరు ఏం పీలుస్తున్నారని అడిగి రమ్మన్నాను.