బోర్డుకు టంకము వేసిన డిస్కు

పూర్వము ల్యాప్‌టాప్ చెడిపోయినచో మెకానిక్కు అడుగు మూత విప్పి, డిస్కును ఊడదీసి, మరియొక కంప్యూటరుకు తగిలించి ఫైళ్ళను దించి ఇచ్చెడివాడు. యంత్రము పోయినను అందులోని ఆస్తి దక్కెడిది. నేడు పలుచని యంత్రములు అనేకములలో ఈ వీలు లేదు. నిల్వ చిప్పులను మదర్‌బోర్డుకే టంకముతో అతుకుచున్నారు.

ఆపిల్ సంస్థ 2016లో టచ్ బార్ గల మాక్‌బుక్ ప్రోలను ఇట్లే చేసినది. అయితే అప్పుడు బోర్డు మీద చిన్న కనెక్టరు ఒకటి ఉంచినది. బోర్డు పనిచేయకున్నను, ప్రత్యేక పరికరము దానికి తగిలించి సమాచారమును వెలికి తీయుటకు అవకాశముండెడిది. 2018 నమూనాలో ఆ కనెక్టరును తీసివేసి, టీ2 అను చిప్పును చేర్చిరి. నిల్వలోనికి పోవు ప్రతి అక్షరమును ఈ చిప్పు సంకేతలిపిలోనికి మార్చును. దాని తాళపుచెవి చిప్పు దాటి బయటికి రాదు. కనుక ఎంత నేర్పరియైనను నిల్వ చిప్పులను ఊడబెరికి చదువజూచినచో అర్థము లేని అంకెలే మిగులును.

దొంగల నుండి రక్షణకు ఇది మేలైన పద్ధతియే. టంకము వలన యంత్రము పలుచనైనమాటయు నిజమే. కాని దొంగకు మూసిన తలుపు యజమానికిని మూసికొన్నది గదా! ఆ కనెక్టరును తీసివేయుటను నేను సమర్థింపలేను. 2020లో వచ్చిన ఎం1 యంత్రములలో చిక్కు ఇంకను ముదిరినది: లోపలి నిల్వ పూర్తిగా పాడైనచో, బయటి డిస్కు తగిలించినను యంత్రము మేల్కొనదు. వ్రాసిన కొలది అరుగు స్వభావము గల ఫ్లాష్ చిప్పును మార్చుటకు వీలులేకుండ అమర్చుట మంచి ఇంజనీరింగు అనిపించుకొనునా?

ఇట్టి యంత్రము గల ఉపాధ్యాయుడు ప్రశ్నపత్రములను, మార్కుల పట్టీలను అది బ్రతికి ఉండగనే బయటి డిస్కునకు ఎక్కించుకొనవలెను. మాక్‌లలో 2007 నుండి టైమ్ మెషీన్ అను ప్రోగ్రాము ఇందులకే ఉన్నది. అది లోపలి డిస్కు మీదనే కొన్ని తాత్కాలిక ప్రతులను ఉంచును. బోర్డు పోయిననాడు అవియు పోవును. క్లౌడుతో జతపరచిన ఫోల్డరును సైతము పూర్తిగా నమ్మరాదు. ఇక్కడ పొరపాటున చెరిపినది అక్కడను చెరిగిపోవును. కొన్నాళ్ళకు చెత్తబుట్టయు ఖాళీయగును. ప్రతి తీసిన పిమ్మట ఆ డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలించి, ఒకటి రెండు ఫైళ్ళు తెరచి చూడవలెను. డిస్కునకు సంకేతపదము పెట్టినచో దానిని కాగితము మీద వ్రాసి వేరుగా దాచవలెను. ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచువారిని నేనెరుగుదును.