ఒక కొవ్వొత్తి ఎక్కువ

ఈస్టర్‌కు ముందు రోజు, శనివారం మధ్యాహ్నం మా ఊరంతా సున్నం వాసన. చీపుళ్లు, పారలు, బకెట్లు పట్టుకుని ఇంటిల్లిపాదీ కాలువ గట్టు మీదుగా సమాధుల తోటకు బయలుదేరతారు. ఏడాదంతా పెరిగిన గడ్డీ తుమ్మమొక్కలూ పీకేసి, సమాధులు కడిగి, సున్నం కొట్టి, సిలువ మీద వెలిసిపోయిన పేరును నల్లరంగుతో మళ్లీ దిద్దుతారు. పొద్దుగూకేసరికి బంతిపూల దండలు పడతాయి. ఇక తెల్లవారుజామున మూడున్నరకు కొవ్వొత్తులతో మళ్లీ అక్కడికే. కృష్ణా డెల్టా పల్లెల్లో దీన్ని సమాధుల పండుగ అంటారు.

మా ఇంటివాళ్ల సమాధులు నాలుగు. అమ్మ నాలుగింటికీ సరిపడా కొవ్వొత్తులు కొని, పైన ఒకటి విడిగా తీసుకుంటుంది. దాన్ని తోట చివర గోడ పక్కన, ఏ సమాధీ లేని చోట, నేల మీద నిలిపి వెలిగిస్తుంది. అది మా మేనమామ కోసం. 1977 నవంబరు 19, అదీ శనివారమే, దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకు పదమూడేళ్లు. అమ్మమ్మ వాళ్లది నాగాయలంక వైపు. మనిషి మళ్లీ కనిపించలేదు. ఆ ఉప్పెనలో పోయినవాళ్లు కనీసం 10,000 మంది ఉంటారు. ఎవరు ఎవరో పోల్చుకునే వీలు లేక ఎందరినో ఒకే గోతిలో పూడ్చారు, ఒకే మంటలో కాల్చారు. సిలువ మీద పేరు దిద్దుకునే అదృష్టం ఆ ఇళ్లకు లేదు.

వెలుగు, చీకటి అన్న మాటలు నాకు మొదట సండేస్కూల్లో తెలిశాయి. వెలుగులో ఉన్నది మనం, చీకటిలో ఉన్నది మిగతావాళ్లు. అంత సులువుగా నేర్పారు. ఇప్పటికీ మైకుల్లో ఆ లెక్కే వింటుంటాను, విన్న ప్రతిసారీ బాధపడతాను. యోహాను మొదటి పత్రిక రెండో అధ్యాయం తీసి చూడండి. చీకటిలో నడిచేవాడెవడో అక్కడ తేటగా ఉంది. తన సహోదరుణ్ని ద్వేషించేవాడు. పక్కింటివాళ్ల పూజ సంగతి అందులో లేదు. పైగా ఆ ఉత్తరం రాసింది సంఘానికి, సంఘం బయటివాళ్లకు కాదు. ఒకే బైబిలు చదివి, ఒకే ప్రభువు బల్ల దగ్గర మోకరించేవాళ్లకు కులాన్ని బట్టి వేర్వేరు సమాధుల తోటలున్న ఊళ్లు నేను చూశాను. యోహాను చెప్పిన చీకటి అది. ఈస్టర్ తెల్లవారుజామున ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా ఆ రెండు తోటల మధ్య గోడ అలాగే ఉంటుంది.

రాత్రి చీకటి వేరు. దాన్ని నిందించడానికి నాకు నోరు రాదు. సీనాయి కొండ మీద మోషే దేవుడి దగ్గరకు వెళ్లింది గాఢాంధకారంలోకే. 139వ కీర్తన రాసిన భక్తుడికి దేవుడి ముందు రాత్రీ పగలూ ఒకటే. మగ్దలేనే మరియ సమాధి దగ్గరకు వచ్చిందీ తెల్లవారక ముందే. ఇంతకీ యేసు లేచిన ఘడియను కళ్లారా చూసినవాళ్లెవరూ సువార్తల్లో లేరు. అది చీకట్లోనే జరిగిపోయింది.

ఇంకో సంగతి. శుభ శుక్రవారం ప్రసంగాల్లో, యేసు సిలువ మీద ఉండగా మూడు గంటలు కమ్మిన చీకటిని సూర్యగ్రహణమని కొందరు చెబుతుంటారు. పస్కా పండుగ వచ్చేది పౌర్ణమికి. సూర్యగ్రహణం అమావాస్యకు తప్ప పట్టదని మన పల్లెల్లో పంచాంగం తెలిసిన ఎవరైనా చెబుతారు. ఆ పౌర్ణమి లెక్క వల్లే ఈస్టర్ తెల్లవారుజామున మా తోట మీద ఎప్పుడూ తరుగుతున్న చంద్రుడు ఉంటాడు. అమ్మ దారి చూసుకునేది ఆ వెన్నెల్లోనే.

మరి కొవ్వొత్తి ఎందుకు? దీనికి నాకు జవాబు దొరికింది 2024 సెప్టెంబరులో, బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు. సింగ్‌నగర్‌లో మా అక్క వాళ్లు పై అంతస్తులో చిక్కుకుపోయారు. కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ అయిపోయింది. అక్క దగ్గర ఉన్నవి క్రిస్మస్‌కు వాడగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు. ఒకటి కిటికీలో పెట్టింది. ఎదురు మేడ మీది ముస్లిం కుటుంబం అది చూసి తమ కిటికీలో దీపం పెట్టారట. ఒకరి మొహం ఒకరికి కనిపించనంత దూరం. అక్కడ మనుషులున్నారని మాత్రం తెలుస్తుంది. తర్వాత పడవ మీద పాలప్యాకెట్లు తెచ్చిన కుర్రాళ్లు ఆ వెలుగు చూసే ఆగారని అక్క చెప్పింది.

దీపాన్ని కుంచం కింద పెట్టరని యేసు చెప్పిన మాట నాకు అప్పుడు కొత్తగా వినిపించింది. తెలుగు బైబిల్లో ఉన్న మాట కుంచమే. కళ్లంలో ధాన్యం కొలిచిన కుంచం. మా తాతల రోజుల్లో ప్రతి ఇంట్లో ఉండేది. దీపం మీద బోర్లిస్తే ఏమవుతుందో వాళ్లకు విప్పి చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో ఉన్నవాళ్లందరికీ ఆ వెలుగు అందాలనే కదా ఆయన అన్నది. విజయవాడలో గుణదల కొండకు మరియమాత ఉత్సవాల రోజుల్లో, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో వెళ్లి చూడండి. 1924లో ఫాదర్ అర్లాటి మరియమాత విగ్రహం నిలిపిన ఆ గుహ దగ్గర కొవ్వొత్తి ముట్టించేవాళ్లను నీది ఏ మతమని ఎవరూ అడగరు. ఒకరి కొవ్వొత్తి నుంచి ఇంకొకరు అంటించుకుంటారు.

గాలిలో కొవ్వొత్తి నిలబెట్టడం తేలికేమీ కాదు. డెల్టా గాలికి పది నిమిషాలు ఆగదు. అమ్మ నేర్పిన పద్ధతి ఇది. ముందు మైనం నాలుగు చుక్కలు నేల మీద కార్చి, అది గట్టిపడే లోపు కొవ్వొత్తి అడుగు అందులో అదమాలి. నీళ్లసీసా అడుగూ మెడా కోసేసి పైన గొట్టంలా నిలపాలి. గాలి వచ్చే వైపు మనం కూర్చోవాలి.

మోకాళ్ల నొప్పులతో కిందటి ఈస్టర్‌కు అమ్మ గట్టు ఎక్కలేకపోయింది. “మావయ్యది ఆరిపోద్ది నాన్నా, దగ్గరే కూర్చో,” అని పంపింది. రెండుసార్లు ఆరింది. మూడోసారి నిలిచింది. తిరిగి వస్తుంటే తోట మధ్యలో సున్నం పడని సమాధులు ఐదారు కనిపించాయి. వాళ్ల పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫ్‌లోనో ఉండి ఉంటారు. నా దగ్గర కొవ్వొత్తులు అయిపోయాయి.

వచ్చే ఈస్టర్‌కు మీరు మీ ఊరి తోటకు వెళితే, మీ లెక్క కన్నా ఒక కొవ్వొత్తి ఎక్కువ పట్టుకెళ్లండి.