అమ్మీ మాట ఎక్కడ రాయాలి?

తెలుగు సాహిత్యంలోకి ముస్లిం జవాబు చెప్పుకునేవాడుగా వచ్చాడు. 1991లో వచ్చిన ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’, పుట్టకముందు జరిగిన విభజన నేరాన్ని నెత్తిన మోయాల్సి వచ్చినవాడి వాఙ్మూలం. మరుసటి సంవత్సరమే బాబ్రీ మసీదు కూల్చారు. 1998లో ‘జల్‌జలా’ వచ్చేనాటికి ఆ ఒక్క గొంతు పక్కన చాలా గొంతులు చేరాయి. ఆ కవిత్వం లేకపోతే ఇవాళ మనం ఇలా కూచుని మన గురించి మనమే మాట్లాడుకోగలిగేవాళ్లం కాదు.

కానీ జవాబు చెప్పేవాడికి ఒక ఇబ్బంది ఉంది. ప్రశ్న వేసినవాడి వైపే ముఖం పెట్టాలి. అలా నిలబడినప్పుడు ఇంటివైపు వీపు తిరుగుతుంది. మన సాహిత్యానికి జరిగింది ఇదేనని నా అభిప్రాయం.

మా ఇంటి సంగతే చెప్తాను. దర్గాకి మలీదా తీసుకెళ్తున్న అమ్మీని తమ్ముడు వాకిట్లోనే ఆపాడు. జమాత్‌లో నలభై రోజులు తిరిగి వచ్చాడు వాడు. సమాధి దగ్గర మొక్కడం షిర్క్ అన్నాడు, అంటే అల్లాకి సాటి కల్పించడం. అమ్మీ కోప్పడలేదు. “తేరీ మన్నత్ వహీంచ్ మాంగీ థీ మై” అంది. నువ్వు పుట్టాలని మొక్కుకుంది అక్కడేరా అని. వాడికి నోట మాట రాలేదు. అలాగని మనసూ మారలేదు. ఇద్దరూ అల్లా మీద ప్రేమతోనే మాట్లాడారు. వాడికి అల్లాకీ తనకీ మధ్య ఎవరూ ఉండకూడదు. ఆమెకి ఆ దారిలో ఒక బాబా ఉన్నాడు, ఊరుంది, తనతో పాటు ఊదు పొగ కళ్లకద్దుకునే పక్కింటి గొల్ల అవ్వ ఉంది.

ఇరవై ఏళ్లుగా రెండు భాషల పత్రికల్లో పనిచేస్తూ కూడా ఈ మాట నేనెక్కడా రాయలేదు. తెలుగులో రాస్తే తమ్ముడు ఛాందసుడవుతాడు. ఉర్దూలో రాస్తే అమ్మీ జాహిల్ అవుతుంది. ఎక్కడ రాసినా మా ఇంట్లో ఒకరిని పరాయివాళ్ల తీర్పుకి అప్పగించినట్టే. ఈ భయం నా ఒక్కడిదే అనుకోను.

ఇంటివైపు తిరిగినవాళ్లు లేరా? ఉన్నారు. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ 1999లో నెల్లూరు యాసతో మన వంటింట్లోకే వచ్చాయి. ఆ దర్గామిట్టలోనే బారాషహీద్ దర్గా ఉంది. ఏటా మొహర్రం రోజుల్లో అక్కడి చెరువులో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె అని మతం అడక్కుండా మార్చుకుంటారు. అయితే ఆ కతలు చెప్పేది పిల్లవాడు. పిల్లవాడు ప్రేమించగలడు, నవ్వించగలడు. అమ్మ ఒప్పా, తమ్ముడు ఒప్పా అని తేల్చాల్సిన బరువు వాడి మీద ఉండదు. ‘నఖాబ్’లో షాజహానా ఆ బరువు ఎత్తుకుంది. మగవాడి పెత్తనాన్ని ఇంట్లోనే నిలదీసింది. విశ్వాసం మీద తగాదాని అంత దగ్గరగా చూసిన కథలు మాత్రం మనకి తక్కువ.

అఫ్సర్ 2013లో పీర్ల పండగ మీద పుస్తకం తెచ్చారు. అనంతపురం ప్రాంతపు గూగూడు కుళ్లాయిస్వామిని కొలిచే ఊరి ఇస్లాంకీ, ‘అస్లీ’ ఇస్లాం కావాలనే వాళ్లకీ మధ్య నడిచే వాదన అందులో ఉంది. అయితే ఆ పుస్తకం ఇంగ్లీషులో రాసింది. ఆ వాదన జరిగేదేమో తెలుగులో, దక్కనీలో, మన అరుగుల మీద.

ఇంకో సంగతి. ఇంటి భాష అనగానే ఉర్దూ అనుకోవడం కూడా పొరపాటే. దూదేకుల ఇళ్లల్లో ఎందరో తల్లులు దువా అడిగేది తెలుగులోనే. వాళ్ల తెలుగు తక్కువ ఇస్లామేం కాదు.

బయట దాడి ఆగలేదు కదా, ఇప్పుడు ఇంటి గొడవలెందుకు అని అడిగే మిత్రులున్నారు. దాడి ఆగేదాకా ఆగితే అమ్మీలు మిగలరు. వాళ్లతోపాటు వాళ్ల మాటా పోతుంది. రేపు మన పిల్లలు వెతుక్కుంటే, మనం పరాయివాళ్లకిచ్చిన జవాబులే దొరుకుతాయి. అమ్మీనీ తమ్ముణ్నీ ఒకే కథలో, ఇద్దరి పరువూ కాపాడుతూ కూచోబెట్టగలిగే రచయిత కోసం నేను ఎదురు చూస్తున్నాను.